మా బావ గుడ్ మేస్టారు

రాజాంలో మా బావ అసలు పేరు భావనారాయణ అని తెలిసినవాళ్ళు తక్కువ. గుడ్ మేస్టారు అంటే మాత్రం బస్టాండు దగ్గర సోడాలమ్మేవాడు కూడా ఇల్లు చూపించేవాడు. మంచివాడని పెట్టిన పేరు కాదది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. గుడ్ అన్న ఒక్క మాటకి నలభై పైచిలుకు పర్యాయపదాలు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. అందుకని ఆ పేరు వచ్చింది. మంచివాడా కాదా అన్నది వేరే సంగతి. నన్నడిగితే ఇప్పటికీ తిన్నగా జవాబు చెప్పలేను. ఆయన మీద నా కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలన్న తొందర కూడా నాకు లేదు.

నేను ఆయన భార్య తాయారుకి చెల్లెల్ని, కామేశ్వరిని. మా ఆయనకి రాజాం పోస్టాఫీసులో ఉద్యోగం కావడంతో వాళ్ళ వీధిలోనే అద్దెకుండేవాళ్ళం. రోజుకి ఒకసారైనా ఆ ఇంటి గడప తొక్కేదాన్ని. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు.

బావ వాళ్ళ నాన్న సంస్కృతం పంతులు. పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కో మాటకి ఎన్ని పర్యాయపదాలుంటే అన్నీ శ్లోకాల్లో వల్లె వేయించేవాడట. సూర్యుడికి ఎన్ని పేర్లు, నీళ్ళకి ఎన్ని పేర్లు, అన్నీ ముందు నోటికి రావాలి, అర్థం తర్వాత. బావ చిన్నప్పుడు ఆ చదువే చదివాడు. దానికి కూడు పుట్టదని తెలిశాక విజయనగరం వెళ్ళి ఇంగ్లీషు చదువుకుని మేస్టరయ్యాడు. అయ్యాడు గానీ గొంతు మాత్రం నాన్నదే. ఇంగ్లీషు మాటల్ని కూడా వరసలు కట్టి, తొడ మీద తాళం వేస్తూ పిల్లల చేత పాడించేవాడు.

"గుడ్, ఫైన్, గ్రాండ్, నోబుల్, కైండ్, జెంటిల్, ఏమియబుల్, వర్చువస్, వర్దీ, ఆనరబుల్, ఎక్సలెంట్, అడ్మిరబుల్..." అని పై తరగతి పిల్లలు గొంతులు చించుకుంటూంటే రోడ్డు మీద ధాన్యం బళ్ళవాళ్ళు బళ్ళాపి వినేవారు. ఏమీ అర్థం కాకపోయినా వినేవారు. అర్థం కాకపోవడం వల్లనే విన్నారని నా అనుమానం.

చెప్పే తీరు బాగుండేదని ఒప్పుకోవాలి. "ఒరే, గుడ్ అంటే మంచి. మంచి అంటే ఏటి? మంచినీళ్ళంటే తాగే నీళ్ళు. మంచినూనంటే నువ్వులనూనె. మంచిరోజంటే పెళ్ళికి పనికొచ్చే రోజు. మంచి దెబ్బంటే గట్టి దెబ్బ. మంచి నిద్దర్లో ఉన్నాడంటే లేపొద్దని. మంచి పని చేసావు అని మీ అమ్మ అన్నాదంటే ఇంట్లోంచి పరిగెత్తమని. మన మంచి ఎన్ని వేషాలేస్తాదో వాళ్ళ గుడ్ కూడా అన్ని వేషాలేస్తాది. ఏ చోట ఏ మాట కూర్చుంటాదో తూచుకోవాల. ధాన్యాన్ని పట్టుకుని కైండ్ అనకూడదు. మనిషిని పట్టుకుని ఫస్ట్ క్వాలిటీ అనకూడదు" అనేవాడు. గుడ్ మేస్టారు మాట తూచి వాడతాడు, ఎక్కువా కాదు తక్కువా కాదు అని ఊళ్ళో అందరూ అనుకునేవారు. ఆ పేరే చివరికి మా అక్క కొంప ముంచింది.

ఈ విద్య బడి గోడలు దాటి పెళ్ళిపందిళ్ళలోకి వచ్చింది. తెచ్చింది జగన్నాధం గారు. ధాన్యం వర్తకుడు, పెద్ద చెయ్యి, ఊళ్ళో ఏ పని జరిగినా ముందుండే మనిషి. పూర్వం పెళ్ళిళ్ళలో పండితుల్ని పిలిచి శ్లోకాలు చదివించి, మా ఊరి గొప్ప చూడండి అని మగపెళ్ళివారికి చూపించుకునేవారు. ఆ రోజులు పోయి ఇంగ్లీషు రోజులొచ్చాయి. పండితుడి చోట్లోకి మా బావ వచ్చాడు. భోజనాలయ్యాక జగన్నాధం గారు, "మేస్టారూ, ఆ గుడ్డు ఓపాలి అందుకోండి" అనేవాడు. బావ కండువా సర్దుకుని అందుకునేవాడు. ఆఖరి మాట పలికేసరికి పందిరంతా చప్పట్లు. చేతిలో పంచెల చాపు పెట్టి పంపేవారు.

"గంగిరెద్దుకి పాత చీర కప్పుతారు, నీకు కొత్త పంచె ఇస్తన్నారు. అంతే తేడా బావా" అన్నాన్నేను ఒకసారి.

"నీకు కుళ్ళే కామేశ్వరీ" అని నవ్వేశాడు. మరదలి మాట ఏ బావ పట్టించుకున్నాడు కనక!

ఇంట్లో మాత్రం ఆ నలభైలో ఒక్కటీ వినపడేది కాదు. అక్క పనసపొట్టు కూర ఆవపెట్టి చేసిందంటే వీధి చివరికి ఘుమఘుమ తెలిసేది. "ఎలా ఉన్నాది?" అని అడిగితే "తినొచ్చు" అనేవాడు. అన్నం మాత్రం మారు వడ్డించుకునేవాడు. కూతురు క్లాసులో మొదట వచ్చినప్పుడు ఎవరో మెచ్చుకుంటే "ఏదో పాసయింది లెండి" అన్నాడు. ఒక్క బావనే అని లాభం లేదు, మా ఇళ్ళల్లో అదొక పద్ధతి. మన పిల్లని మనం పొగడకూడదు. మన వంట మనం మెచ్చుకోకూడదు. పైవాళ్ళు మెచ్చుకుంటే తల దించుకుని తీసిపారెయ్యాలి. దిష్టి తగుల్తుందని ఆడవాళ్ళ భయం, లోకువైపోతామని మగవాళ్ళ భయం. ఇక కట్టుకున్నదాన్ని నలుగురిలో బాగుందన్న మగవాడంటే వాడి బతుకు నవ్వులపాలే.

మా నాన్న విజయనగరంలో వీణ చెప్పేవాడు. ఇద్దరికీ నేర్పాడు. నాకు అబ్బలేదు, అక్కకి అబ్బింది. నాన్న పోతూ తన బొబ్బిలి వీణ అక్కకిచ్చాడు. పరీక్షలు గిరీక్షలు ఏవీ లేవు, చేతిలో విద్య తప్ప కాగితం లేదు. కూతురు పెళ్ళయి ఆమదాలవలస వెళ్ళిపోయాక అక్కకి సాయంత్రాలు ఖాళీ. దీపం పెట్టి వీణ ముందేసుకుని కూర్చునేది. ఒకరోజు నేను వాళ్ళింటికి వెళ్తూంటే, బావ సంచీలో కూరలతో గుమ్మం అవతల గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపల అక్క కల్యాణి రాగం వాయిస్తోంది. బావ కళ్ళు మూసుకుని వింటున్నాడు, చెంపల మీద తడి. నన్ను చూసి గబుక్కున కండువాతో తుడుచుకుని లోపలికి నడిచాడు. అక్క వీణ ఆపి తలెత్తింది. "అన్నం అయిందేటి?" అన్నాడు. నాకు సంచీ లాక్కుని ఆ వంకాయలతోనే కొట్టాలనిపించింది.

అరవై ఎనిమిదిలో జగన్నాధం గారూ మరికొందరు వర్తకులూ కలిసి ఊళ్ళో ఆడపిల్లలకి వేరే బడి పెట్టారు. సంగీతం టీచరు కావాలన్నారు. సొంత బడి కనక కాగితాల పట్టింపు లేదు, కమిటీకి నచ్చితే చాలు. ఆ కబురు నేను తెచ్చి చెప్పగానే అక్క మొహం చూడాలి. పెళ్ళయ్యాక అక్క నాకిది కావాలి అని నోరు తెరిచి అడగడం నేనెరగను.

"నాకు ఆ పని కావాలే కామేశ్వరీ. ఇంకేటీ వద్దు. పదిమంది పిల్లలకి చెప్పుకుంటే నాన్న చదువు నాతో పోకుండా ఉంటాది" అంది.

బావ అడ్డు చెప్పలేదు. "వెళ్తానంటే వెళ్ళు. నేను కాదంటానేటి?" అన్నాడు. ఆ రోజుల్లో అంత మాట అన్న మొగుళ్ళు మా వీధిలో ఇంకొకరు లేరు. అదీ చెప్పకపోతే నాది తప్పవుతుంది. జగన్నాధం గారికి కబురు మాత్రం నేనే పెట్టాను. తన పెళ్ళానికి పని ఇమ్మని అడగడం బావ వల్ల కాదని నాకు తెలుసు.

ఒక ఆదివారం జగన్నాధం గారు ఇద్దరు కమిటీ వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇద్దరూ బెల్లం వర్తకులు, పక్క ఊళ్ళవాళ్ళు. సావిట్లో బల్లల మీద కూర్చున్నారు. నేను తలుపు చాటున కాఫీ గ్లాసులతో నిలబడ్డాను. జగన్నాధం గారు ఊరుకుంటాడా? "ఈలిద్దరూ మీ గుడ్డు ఇననేదు మేస్టారూ. ముందు అదోపాలి ఇనిపించండి" అన్నాడు. బావ ఎప్పటికన్నా హుషారుగా అందుకున్నాడు, ఆఖరి మాటదాకా. వాళ్ళిద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు.

తర్వాత అక్క వచ్చి కూర్చుంది. తీగలు ఒకసారి సవరించుకుంది. నేను మా నాన్న దగ్గర పెరిగినదాన్ని, మంచి ఏదో చెడ్డ ఏదో నాకు తెలుసు. ఆ వేళ అక్క వాయించినట్టు అంతకుముందు వాయించలేదు. చేతిలో కాఫీ చల్లారిపోయింది, నేను చూసుకోలేదు.

అయిపోయింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకేం తెలుస్తుంది పాపం, ధాన్యం గింజ కొరికి చూసి రకం చెప్పమంటే చెప్తారు. జగన్నాధం గారు బావ వైపు తిరిగాడు.

"మాకీ సంగీతాలు తెలవ్వు మేస్టారూ. సదువుకున్నోళ్ళు, మీరే సెప్పాల. మొగమాటం ఒద్దు, రేపు ఊరోళ్ళ పిల్లలికి సెప్పీ పని. అమ్మగారి సెయ్యి ఎలగుంటాది?"

అక్క తల వంచుకుని తీగల మీద చెయ్యి పెట్టుకుని ఉంది. వినడానికే అలా కూర్చుందని నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఎదురుచూసిన జవాబు అది.

బావ కండువా భుజం మార్చుకున్నాడు. "ఏదోనండి. ఇంట్లో వాయించుకోడానికి ఫరవాలేదు" అన్నాడు.

నేను కాఫీ ఇవ్వకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను. మళ్ళీ కాచి అక్కే ఇచ్చింది.

నాలుగు రోజులకి కబురు తెలిసింది. విజయనగరం నుంచి పద్మకుమారి అనే అమ్మాయిని వేసుకున్నారట. ఆ అమ్మాయి మేనమామ నరసింగరావు అనే కంట్రాక్టరు, మా పిల్ల చెయ్యి పడితే వీణ మాట్లాడుతుందని కమిటీ ముందు గంటసేపు చెప్పాడట. మా అక్క సంగతి ఏమైందని జగన్నాధం గారి భార్యని అడిగాను. ఆవిడ దాచుకోకుండా భర్త అన్న మాటలే చెప్పింది.

"మా ఆయనేటన్నాడంటే, మేస్టారికి బాగుందని సెప్పడానికి నలభై మాటలొచ్చు. మొగమాటం ఒద్దన్నాం కూడాను. అప్పటికీ పెళ్ళాం కాడికొచ్చీసరికి అందులో ఒక్కటీ దొరకనేదంటే, తూసే సెప్పుంటాడు. కట్టుకున్నోడే ఫరవానేదంటే మనం ఏసుకుని ఏటి సేస్తాం అన్నాడు."

నేను తిన్నగా బావ దగ్గరికే వెళ్ళాను. ఒళ్ళు మండిపోతోంది. "ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకి పనికొచ్చిన మాటలు మా అక్కకి పనికిరాలేదేటి బావా? ఊరూ పేరూ తెలీని మగపెళ్ళివారి ముందు పోస్తావు కదా నలభయ్యీ, ఇంట్లో మనిషికి ఒక్కటి ఇవ్వలేకపోయావా?" అని కడిగేశాను.

బావ మొహం పాలిపోయింది. "నేనేటన్నాను? మర్యాదకి అనే మాట కాదేటి అది? జగన్నాధం గారింట్లో మాత్రం వేరేలా అంటారా? ఆయనకి తెలీదనుకోలేదే" అన్నాడు.

అదీ నిజమే. ఇంకెవరు అన్నా జగన్నాధం గారు మర్యాద మాటే అనుకుని ఊరుకునేవాడు. అన్నది గుడ్ మేస్టారు కనక తూకం వేసిన మాట అనుకున్నాడు. ఇందులో జగన్నాధం గారిని తిట్టడానికి కూడా నాకు సందు దొరకలేదు.

నేననుకున్నది, అక్క ఏడుస్తుందని, లేకపోతే మొగుణ్ణి నాలుగు అంటుందని. వీణకి గుడ్డ కప్పి గోడవార పెట్టేసింది. సాయంత్రం దీపం పెట్టాక బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. నేను ఓదార్చబోయాను.

"ఆయన తప్పేటుంది కామేశ్వరీ? ఉన్నమాట అన్నారు. ఆయన మాట ఎక్కువా వాడరు, తక్కువా వాడరు. ఇరవయ్యేళ్ళుగా నా వీణ వింటన్నది ఆయనొక్కరే. అంతకన్నా ఎవరికి తెలుస్తాది? నాన్న పోయాక నా చెయ్యి చెడిపోయుంటాది. నాకే తెలీలేదు" అంది.

ఊరివాళ్ళే కాదు, అక్క కూడా ఆ తూకాన్నే నమ్మింది. ఉద్యోగం పోతే పోయింది, ఇది అంతకన్నా పెద్ద దెబ్బ. బావ గోడకి ఆనుకుని విన్న సంగతి చెప్పాను. "నా మీద జాలితో చెప్తన్నావు" అంది, నమ్మలేదు.

బావని మళ్ళీ పట్టుకున్నాను. "ఇంకెవరికీ చెప్పక్కర్లేదు, అక్కకి చెప్పు. నీ వీణ బాగుంటాది అని ఒక్క మాట. తెలుగులో" అన్నాను. తల ఊపాడు. వంటింటి గుమ్మందాకా వెళ్ళాడు. అక్క తల తిప్పి చూసింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. "రేపు సంత కదా, చేమదుంపలు తెమ్మంటావేటి?" అన్నాడు. అక్క తెమ్మంది. బావ వచ్చి నా ఎదురుగా కూలబడ్డాడు. ఆ మనిషికి చెప్పాలని లేకపోవడం కాదు, ఎలా చెప్పాలో రాలేదు. అది చూస్తే జాలి వెయ్యాలి, నాకు వెయ్యలేదు.

మర్నాడు తనే అన్నాడు, "జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళి చెప్తాను, నాతో రా" అని. ఒంటరిగా పంపితే వాతావరణం గురించి మాట్లాడి వస్తాడని నేనూ వెళ్ళాను.

ధాన్యం కొట్లో జగన్నాధం గారు గద్దె మీద ఉన్నాడు. చుట్టూ గుమస్తాలు, రైతులు, బస్తాలు మోసే కలాసీలు. బావ నిలబడే మొదలుపెట్టాడు. "మొన్న మీరు మా ఆవిడ వీణ గురించి అడిగారు. నేను సరిగ్గా చెప్పలేదు. ఆవిడ వీణ..." అన్నాడు, ఆగిపోయాడు. మళ్ళీ "ఆవిడ వీణ" అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. నేను వెనకాల పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. అప్పుడు మొదలుపెట్టాడు, "గుడ్, ఫైన్, గ్రాండ్, నోబుల్..."

తెలుగు రాలేదు ఆయనకి. వచ్చింది ఇదే. ఎప్పుడూ పాడే వరస కాదు, తాళం లేదు, ఒక్కో మాట ఆగి ఆగి, ఎక్కడినుంచో తవ్వి తీస్తున్నట్టు చెప్పాడు. ఆ రోజు ప్రతి మాటా మా అక్క గురించేనని నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. కలాసీలు బస్తాలు దింపి దగ్గరికొచ్చారు. ఒకడు తాళం వేశాడు. ఆఖరి మాట అయ్యేసరికి కొట్టు కొట్టంతా చప్పట్లు.

"ఏటి మేస్టారూ, ఇయ్యాల పెళ్ళి నేకుండానే అందుకున్నారు!" అని పకపకా నవ్వాడు జగన్నాధం గారు.

"అది మా ఆవిడ వీణ గురించండి" అన్నాడు బావ మెల్లిగా.

"ఇంటికాడ చీపురు తిరగేసిందేటి?" అన్నాడు ఆయన. మళ్ళీ నవ్వులు. చెడ్డ మనిషి కాడు జగన్నాధం గారు, సరదాకే అన్నాడు. నవ్వు ఆగాక, "పద్మకుమారమ్మకి మాటిచ్చీసినాం కదా, ఇప్పుడేటి సేస్తాం?" అన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు, "ఇదిగో, మంచి టయానికొచ్చారు. ఆ పిల్లకి సొంత వీణ నేదంట. మీ ఇంట్లోది ఊరకే మూల కూకుంటాది గదా. మా బడికి ఇప్పించండి, ఆడపిల్లలు నేర్సుకుంటారు" అన్నాడు.

నలుగురి ముందు పెద్దమనిషి అడిగాడు. కొట్లో అందరూ బావ వైపు చూశారు. "దానికేం భాగ్యం, అలాగే" అన్నాడు మా బావ.

దారిలో నేను అనని మాట లేదు. "అంతమందిలో అడిగితే కాదంటే ఏం బాగుంటాదే?" అన్నాడు. ఇంటికెళ్ళాక లోపలికి రాకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. చెప్పే పని నా మీద పడింది. అక్కకి మొత్తం చెప్పాను. ముందు ఆ మాటలు, తర్వాత వీణ.

"నా గురించేనా? నిజంగానా?" అంది అక్క. ఒక్క నిమిషం మొహంలో వెలుగు వచ్చింది.

"ఒట్టు. నలభయ్యీ చెప్పాడు."

"ఎవరికి?"

"జగన్నాధం గారికి. కలాసీలు కూడా ఉన్నారు."

"ఇంగ్లీషులో" అంది అక్క. "నాకు ఇంగ్లీషు రాదు కదే."

ఆ వెలుగు పోయింది. లేచి గోడవార వీణ మీద గుడ్డ తీసి, పొడిబట్టతో తుడిచి, తన పెళ్ళినాటి పాత చీరలో చుట్టింది. నేను పట్టుకుని ఆపబోతే నా చెయ్యి తీసేసింది. మాట ఇచ్చింది మొగుడు, పోవాల్సింది వీణ, అంతే అన్నట్టు చుట్టింది. తనే మోసుకెళ్ళి అరుగు మీద బావ పక్కన పెట్టింది.

"తీసికెళ్ళి ఇచ్చి రండి. ఎలాటి వీణ అని వాళ్ళడుగుతారు. మంచి వీణ అని చెప్పండి. మా నాన్నది, నాది కాదు. చెప్పడానికి మీకు మొగమాటం ఉండదు" అంది.

బావ తీసుకెళ్ళాడు. జగన్నాధం గారు అలాగే అడిగాడట. చాలా మంచి వీణండీ, ఇలాంటిది మళ్ళీ దొరకదు అని మా బావ ఎక్కడా తడుముకోకుండా తెలుగులో చెప్పాడట.